ట్రాక్టరు దిగిన తరువాత

‘సోవియట్ భూమి’ అనే పత్రిక గుర్తున్నవాళ్ళు ఇంకా చాలామందే ఉంటారు. దాన్ని చదివినవాళ్ళకన్నా, ఆ నున్నటి కాగితాలతో పిల్లల పుస్తకాలకు అట్టలు వేసినవాళ్ళే ఎక్కువేమో! ఆ అట్టల మీద తరచు కనిపించే బొమ్మ ఒకటుంది. తలకి రుమాలు కట్టుకుని, ట్రాక్టరు మీద కూర్చుని, పంటచేను కేసి చూస్తూ నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఆడవాళ్ళే అయినా ‘రైతు’ అనగానే తలపాగా చుట్టుకున్న మగవాడే గుర్తొచ్చే మన దేశంలో, ఆ బొమ్మ చూస్తే ముచ్చట వెయ్యక మానదు.

ఆ బొమ్మ అబద్ధమేమీ కాదు. ఆవిడ నిజంగానే ట్రాక్టరు నడిపింది. అయితే ఫోటో తీసినాయన వెళ్ళిపోయాక, పొద్దుగూకి ఆవిడ ట్రాక్టరు దిగి ఇంటికెళ్ళాక, పొయ్యి ఎవరు ముట్టించారు? పిల్లలకెవరు అన్నం పెట్టారు? అంట్లెవరు తోమారు?

మరీ వంటింటి ప్రశ్న అనుకోకండి. 1917 నుంచి 1991 దాకా డెబ్భై నాలుగేళ్ళు నడిచిన సోవియట్ ప్రభుత్వంలో చెప్పిన ఆశయం ఏమిటి, జరిగిన బతుకు ఏమిటి అని తెలుసుకోవాలంటే లావుపాటి సిద్ధాంతగ్రంథాలకన్నా ఈ ప్రశ్నే బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఈ ప్రశ్నకు జవాబు చెబుతామని మొదట మాటిచ్చింది వాళ్ళే.

అసలు ఆ విప్లవానికి తెర తీసినవాళ్ళు ఆడవాళ్ళు. 1917 మార్చి 8వ తేదీ, రష్యావాళ్ళ పాత క్యాలెండరు ప్రకారం ఫిబ్రవరి 23. మొదటి ప్రపంచయుద్ధం మూడో ఏడు నడుస్తోంది. మగవాళ్ళు యుద్ధరంగంలో ఉన్నారు. రాజధాని పెట్రోగ్రాడ్‌లో బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు, రోజంతా మగ్గాల దగ్గర నిలబడి, ఆ తరువాత మంచులో రొట్టె కోసం గంటల తరబడి వరసలో నిలబడేవారు. తీరా వంతు వచ్చేసరికి రొట్టె అయిపోయేది. ఆ రోజున వాళ్ళు విసిగిపోయి మిల్లులు వదిలి వీధిలో పడ్డారు. పక్క ఫ్యాక్టరీల్లోని మగవాళ్ళనూ బయటికి రమ్మని పిలిచారు. పార్టీల నాయకులే అది విప్లవమవుతుందని అనుకోలేదు. లెనిన్ అప్పటికి స్విట్జర్లాండులో ఉన్నాడు. వారం తిరిగేసరికి జారు చక్రవర్తి రెండో నికొలాస్ సింహాసనం దిగిపోయాడు! లెనిన్ పార్టీ అయిన బోల్షివిక్కుల చేతికి అధికారం వచ్చింది ఆ తరువాత, నవంబరులో.

వచ్చీ రాగానే వాళ్ళు చెప్పిన మాట చాలా పెద్దది. మార్క్సు స్నేహితుడు ఎంగెల్స్ 1884లోనే కుటుంబం పుట్టుక గురించి పుస్తకం రాస్తూ, ఇంటి చాకిరీ అనేది ఒక్కొక్క ఇంటి సొంత వ్యవహారంగా ఉన్నంతకాలం ఆడదానికి విముక్తి లేదన్నాడు. 1919లో లెనిన్ ఇంకా స్పష్టంగా చెప్పాడు. చట్టాలు ఎన్ని చేసినా వంటిల్లూ పిల్లలగదీ ఆడదాన్ని అణిచేస్తూనే ఉంటాయనీ, అందరికీ కలిపి భోజనశాలలు, పిల్లలకు శిశువిహారాలు పెడితే తప్ప ఆమెకు మోక్షం లేదనీ అన్నాడు. ఆడదాన్ని పూజిస్తాం, గౌరవిస్తాం అన్నవాళ్ళు లోకంలో కొల్లలు. మీ అంట్ల సంగతి మేం చూసుకుంటాం అన్న ప్రభుత్వం మాత్రం బహుశా అదే మొదటిది!

ఉత్త మాటలతో సరిపెట్టలేదు కూడా. జనరల్ గారింట పుట్టి, సుఖాలు వదులుకుని విప్లవంలో చేరిన అలెగ్జాండ్రా కొల్లొంతాయ్ కొత్త ప్రభుత్వంలో సాంఘిక సంక్షేమశాఖ చూసే కమిసార్ అయింది. కమిసార్ అంటే మన భాషలో మంత్రి అన్నమాట. 1917 డిసెంబరు, 1918 చట్టాలతో పెళ్ళి చర్చి చేతుల్లోంచి పౌరరిజిస్ట్రారు చేతుల్లోకి వచ్చింది. భార్యయినా భర్తయినా విడాకులు కోరవచ్చన్నారు. పెళ్ళి కాని తల్లికి పుట్టిన బిడ్డకూ సమాన హక్కులిచ్చారు. కష్టం చేసే స్త్రీకి కాన్పుకు ముందు ఎనిమిది వారాలు, తరువాత ఎనిమిది వారాలు జీతంతో సెలవు. 1920లో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేశారు. మన దేశంలో హిందూ స్త్రీకి విడాకుల హక్కు దేశమంతటికీ వర్తించే చట్టంగా వచ్చింది 1955లో అని గుర్తు తెచ్చుకుంటే ఇదెంత సాహసమో అర్థమవుతుంది.

చదువు సంగతీ చెప్పాలి. 1897 జనాభా లెక్కల్లో తొమ్మిది నుంచి నలభైతొమ్మిది ఏళ్ళ ఆడవాళ్ళలో చదవడం వచ్చినవాళ్ళు నూటికి 17 మంది లోపే. 1939 నాటికి 81 మంది దాటారు. నలభై ఏళ్ళలో అంత మార్పు! ఈ మంచి చెప్పకుండా చెడు మాత్రమే చెబితే అది చరిత్ర కాదు, చాడీ అవుతుంది.

మరి వంటిల్లు? దానికీ మొదలుపెట్టారు. 1925లో ఇవానొవో-వొజ్నెసెన్‌స్క్ అనే బట్టల మిల్లుల ఊళ్ళో మొదటి ‘వంటల ఫ్యాక్టరీ’ తెరిచారు. వేలమందికి ఒక్కచోట యంత్రాలతో వండి వడ్డించడం దాని పని. 1928లో మాస్కోలో నార్కొంఫిన్ అనే ఇల్లు కట్టడం మొదలెట్టారు. గింజ్‌బుర్గ్ అనే పేరుమోసిన ఆర్కిటెక్టు గీసిన నమూనా అది. చిన్న ఫ్లాట్లలో సరైన వంటిల్లే ఉండదు. అందరికీ కలిపి భోజనశాల. ఆలోచన బాగానే ఉంది కదూ! కాని వంట తప్పాలంటే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు రుచిగా, శుభ్రంగా, వేళకు వండాలి. దానికి సరుకులు కావాలి, గిన్నెలు కావాలి, డబ్బు కావాలి. ఆ డబ్బంతా మరోచోటికి వెళ్ళింది.

1928లో మొదలైన పంచవర్ష ప్రణాళికలో ముందు ఉక్కు, బొగ్గు, యంత్రాలు. శిశువిహారాలూ లాండ్రీలూ కొన్ని రాకపోలేదు గాని, అవి ఎప్పుడూ పంక్తి చివరే. ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి గనక ఆడవాళ్ళను లక్షల్లో పనికి పిలిచారు. వాళ్ళు చేసే ఇంటిపనికి మాత్రం ప్రణాళికలో పద్దు లేదు. లెక్కలోకి రాని పని ఎవరి నెత్తిన పడుతుందో మనకు ఒకరు చెప్పాలా? 1930 మేలో, ఇళ్ళలో వంటను ఒక్క దూకులో మాయం చెయ్యాలన్న ఉబలాటం తగదని పార్టీయే తీర్మానించింది. నార్కొంఫిన్‌లో కాపురమున్నవాళ్ళు ఎక్కడి మూల అక్కడ వంటకు సర్దుకున్నారు.

అదే 1930లో ఇంకొకటి జరిగింది. పార్టీలో స్త్రీల విభాగం ఒకటుండేది. దాని పేరు ‘జెనొత్‌దెల్’. 1919లో పుట్టింది. ఇనెస్సా ఆర్మాండ్ దాని మొదటి అధ్యక్షురాలు. మరుసటేడే కలరాతో ఆమె పోతే, కొల్లొంతాయ్ ఆ పని అందుకుంది. ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు చదువు చెప్పడం, హక్కులు చెప్పడం, వాళ్ళ గోడు పైవాళ్ళ చెవిన వెయ్యడం దాని బాధ్యత. ఆ విభాగాన్ని మూసేశారు. ఎందుకంటే, స్త్రీల సమస్య పరిష్కారమైపోయిందట!

నాకు చూడగా ఈ కథంతటికీ కీలకం ఇక్కడే ఉంది. తీరని కష్టాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. కాని ప్రభుత్వం ‘తీరిపోయింది’ అని చాటించిన కష్టం గురించి నోరెత్తడం ఎలా? ఎత్తితే ఆ మనిషి గోడు చెప్పుకుంటున్నట్టు కాదు, ప్రభుత్వాన్ని అబద్ధాలకోరు అంటున్నట్టు.

పల్లెల సంగతి ఇంకా ఘోరం. 1930లో పొలాలన్నీ కలిపి సామూహిక క్షేత్రాలు చేస్తూ రైతుల ఆవుల్ని కూడా తోలుకుపోయారు. పిల్లలకు పాలిచ్చే ఆవును పట్టుకుపోతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? చాలా ఊళ్ళలో ఆడవాళ్ళు తిరగబడ్డారు. చివరికి ఇంటికొక ఆవు ఉంచుకోనిచ్చారు. 1933 ఫిబ్రవరిలో సామూహిక రైతుల మహాసభలో స్టాలిన్ మాట్లాడుతూ, ఆవుల విషయంలో మనకూ ఆడవాళ్ళకూ చిన్న అపార్థం వచ్చింది, ఇప్పుడు సర్దుకుంది అన్న ధోరణిలో చమత్కరించాడు. ఆయన అలా చమత్కరించే వేళకు ఉక్రెయిన్‌లోనూ, కుబాన్, వోల్గా ప్రాంతాల్లోనూ, కజక్‌స్తాన్‌లోనూ లక్షలాది జనం తిండిలేక మాడిపోతున్నారు. 1932 ఆగస్టులోనే చట్టం వచ్చింది, సామూహిక పొలంలో గింజలు తీసుకున్నా మరణశిక్ష దాకా వెయ్యవచ్చని. విదేశాలకు ధాన్యం ఎగుమతి మాత్రం ఆగలేదు.

సరిగ్గా ఆ 1933లోనే, ఆ ఉక్రెయిన్‌లోనే, పాషా అంగెలినా అనే అమ్మాయి ఆడవాళ్ళ ట్రాక్టరు దళం కట్టింది. ఊళ్ళో మగవాళ్ళు నవ్వితే పట్టుదలగా పనిచేసి చూపించింది. దేశమంతా ఆమె బొమ్మలు వేసుకుంది. 1938లో, లక్షమంది నేస్తాల్లారా ట్రాక్టరెక్కండి అని ఆమె పిలుపిస్తే లక్షకు మించి కదిలారు. మనం మొదట చెప్పుకున్న బొమ్మకు మూలపుటమ్మ ఆవిడే. ఆమె ధైర్యం నిజం. ఆ నేల మీద ఆకలీ నిజం. పత్రికల్లో మాత్రం మొదటిదే పడింది.

పట్నాల్లో ‘కొమ్యునాల్కా’ అని ఉండేవి. ఒకప్పటి పెద్ద ఫ్లాటును గదికొక కుటుంబం చొప్పున పంచేవారు. అందరికీ ఒకటే వంటిల్లు. కలిసి వండుకుని కలిసి తినడం అనే ఆశయం ఇలా నెరవేరిందన్నమాట! ఒక్కొక్కరికి ఒక్కొక్క బల్ల, దాని మీద ఒక్కొక్క పంపు స్టవ్వు. నెత్తి మీద ఎవరి బల్బు వాళ్ళది, ఎవరి స్విచ్చి వాళ్ళది. వీధి తలుపు గంట ఒకసారి మోగితే ఒకరింటికి చుట్టాలు, రెండుసార్లు మోగితే ఇంకొకరింటికి. ఇద్దరు తోడికోడళ్ళకే ఒక వంటిట్లో పొసగడం కష్టం. ఏ చుట్టరికమూ లేని ఐదారు కుటుంబాల సంగతి ఊహించుకోండి! అందులో ఒకరి మాట ఇంకొకరు ఎక్కడ మోసుకెళ్తారోనన్న భయం గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1937 ఆగస్టులో ఒక రహస్య ఉత్తర్వు వచ్చింది. ‘దేశద్రోహులు’గా శిక్షపడినవారి భార్యలను ఐదు నుంచి ఎనిమిదేళ్ళు శిబిరాలకు పంపాలని. నేరం? భార్య కావడమే. కజక్‌స్తాన్‌లోని అక్మొలిన్‌స్క్ దగ్గర అలాంటి భార్యల కోసమే ఒక శిబిరం పెట్టారు. వాళ్ళ పిల్లల్ని అనాథశరణాలయాలకు పంపారు. భర్త వ్యక్తిత్వంలో భార్య కలిసిపోకూడదని చట్టం చేసిన దేశంలోనే, భర్త శిక్షలో భార్యకు వాటా పెట్టారు! అప్పటికే, 1936లో, గర్భస్రావాన్ని మళ్ళీ నిషేధించారు. 1944లో విడాకులు కష్టతరం చేశారు. పదిమంది పిల్లల్ని కన్నామెకు ‘వీరమాత’ బిరుదు పెట్టారు. పెళ్ళి రిజిస్టరు కాకుండా పుట్టిన బిడ్డకు తండ్రి పేరు లేకుండా చేశారు. కొల్లొంతాయ్ చేసిన చట్టాల్లో మిగిలింది కొద్దే. గర్భస్రావం మీద నిషేధం 1955 దాకా పోలేదు.

ఆ రోజుల్లో లెనిన్‌గ్రాడ్ జైలు బయట ఇంకో వరస ఉండేది. కొడుకులకూ భర్తలకూ మూట అందించడానికి నిలబడ్డ ఆడవాళ్ళ వరస. మూట తీసుకుంటే మనిషి బతికున్నట్టు. వద్దంటే అర్థం చేసుకోవాలి. కవయిత్రి అన్నా అఖ్మాతోవా కొడుకు కోసం పదిహేడు నెలలు అలాంటి వరసల్లో నిలబడింది. దాని మీద ఆమె అల్లిన ‘రెక్వియం’ కవితల్ని కాగితం మీద ఉంచే ధైర్యం లేక స్నేహితురాళ్ళ చేత కంఠస్థం చేయించి, ఆ ముక్కలు కాల్చేసేది. అది సోవియట్ దేశంలో అచ్చయింది 1987లో! అదే పెట్రోగ్రాడ్, పేరు మారి లెనిన్‌గ్రాడ్. 1917లో రొట్టె వరసలో ఉన్న ఆడవాళ్ళు కేకలు వేస్తే సింహాసనం కదిలింది. ఇరవై ఏళ్ళ తరువాత జైలు వరసలో ఉన్నవాళ్ళు గుసగుసగానైనా మాట్లాడుకోవడానికి భయపడ్డారు.

రెండో ప్రపంచయుద్ధంలో దాదాపు రెండు కోట్ల డెబ్భై లక్షల మంది పోయారు. 1959 జనాభా లెక్కల్లో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు రెండు కోట్ల మందికి పైగా ఎక్కువ. పాడైపోయిన దేశాన్ని మళ్ళీ నిలబెట్టింది వాళ్ళ రెక్కలే. 1963లో, యారొస్లావ్ల్‌లో బట్టల మిల్లు పనిమనిషిగా ఉన్న వాలెంటీనా తెరిష్కోవా అంతరిక్షంలోకి వెళ్ళింది. అమెరికా తన ఆడపడుచును అక్కడికి పంపడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. మిల్లు కూలీ చుక్కల్లోకి ఎగరడం ఆ ఆశయం లేకపోతే జరిగేదా? జరిగేది కాదు. ఒప్పుకోవాలి.

కాని ఆకాశం వేరు, అంగడి వేరు. 1959లో మాస్కోలో అమెరికావాళ్ళ ప్రదర్శన పెడితే, మోడల్ వంటింటి ముందు నిలబడి నిక్సన్, క్రుశ్చేవ్ వాదులాడుకున్నారు. ఈ యంత్రాలు మా ఆడవాళ్ళ చాకిరీ తగ్గిస్తాయని నిక్సన్ అంటే, ఆడవాళ్ళ గురించి అలాంటి పెట్టుబడిదారీ దృష్టి మాకు లేదని క్రుశ్చేవ్ దెప్పాడు. వంటిల్లు గురించి ఇద్దరు మగవాళ్ళు! మూడేళ్ళు తిరక్కుండా, 1962 జూన్ 1న మాంసం ధర 30 శాతం, వెన్న ధర 25 శాతం పెంచారు. నొవొచెర్కాస్క్‌లో కూలిరేట్లు కూడా తగ్గించడంతో రైలింజన్ల ఫ్యాక్టరీ కార్మికులు ఊరేగింపుగా వచ్చారు. మర్నాడు వాళ్ళ మీద కాల్పులు జరిగాయి. 26 మంది చనిపోయారు. ఆ తరువాత ఏడుగురికి మరణశిక్ష వేశారు. కార్మికుల రాజ్యంలో కార్మికుల మీద కాల్పులు! పాతికేళ్ళ పాటు ఆ సంగతి పత్రికల్లో అక్షరం ముక్క రాలేదు.

ఆ రోజుల్లో రష్యా ఆడవాళ్ళ హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక వలసంచీ మడిచి ఉండేది. దాని పేరు ‘అవోస్కా’. మన మాటల్లో ‘ఏమో, దొరక్కపోతుందా’ సంచీ అనుకోవచ్చు. ఎక్కడ వరస కనిపిస్తే అక్కడ ముందు నిలబడటం, తరువాత ఏమిటమ్మా ఇస్తున్నారని అడగడం. ధరలు తక్కువే, సరుకే ఉండదు. పైస్థాయి పార్టీవాళ్ళకు వేరే దుకాణాలు. వాళ్ళిళ్ళ ఆడవాళ్ళకు ఆ సంచీతో పనిలేదు.

1970 నాటికి ఉద్యోగుల్లో సగానికి పైగా ఆడవాళ్ళే. డాక్టర్లలో పదిమందికి ఏడుగురు స్త్రీలు. వినడానికి ఎంత బావుంది! కాని డాక్టరు జీతం నిపుణుడైన ఫ్యాక్టరీ కార్మికుడి జీతంకన్నా తక్కువ. నిర్ణయాలు జరిగే అత్యున్నత సంఘంలో 1957 నుంచి 1961 దాకా ఎకతెరీనా ఫుర్త్సెవా ఒక్కతే ఉంది. ఆమె తరువాత దాదాపు ముప్ఫై ఏళ్ళు అందులో పూర్తి సభ్యురాలిగా ఇంకో ఆడమనిషి లేదు.

1969లో ‘నోవీ మీర్’ పత్రికలో నతాల్యా బరాన్‌స్కాయా రాసిన చిన్న నవల ఒకటి వచ్చింది. ఓల్గా అనే ఇరవయ్యారేళ్ళ శాస్త్రవేత్త. మంచి భర్త, ఇద్దరు పిల్లలు. ఆఫీసులో ఆడవాళ్ళకు ఒక ప్రశ్నాపత్రం ఇస్తారు, ఇంటిపనికి ఎంతసేపు, పిల్లలకెంతసేపు, తీరిక ఎంతసేపు అని. తీరిక అన్న గడి దగ్గర ఏం రాయాలో ఆమెకు తోచదు. సోమవారం నుంచి ఆదివారం దాకా పరుగే పరుగు. ఊడిపోయిన హుక్కు కుట్టుకునే వేళ దొరకదు. అందులో విలన్ లేడు, హత్య లేదు. అయినా ఆడవాళ్ళు తమ కథే అనుకుని చదివారు. ట్రాక్టరు దిగాక ఏం జరిగిందో ఆ నవల్లో ఉంది.

పదేళ్ళ తరువాత, 1979లో లెనిన్‌గ్రాడ్‌లో తత్యానా మామొనోవా మొదలైన కొందరు స్త్రీలు ‘స్త్రీ, రష్యా’ అన్న సంచిక టైపు చేసి రహస్యంగా పంచారు. కాన్పు ఆసుపత్రుల దుస్థితి, రెండింతల చాకిరీ వంటి సంగతులు రాశారు. ప్రభుత్వాన్ని కూలదోస్తామనలేదు. అయినా 1980లో వాళ్ళలో ముఖ్యులను దేశం నుంచి వెళ్ళగొట్టారు. యాభై ఏళ్ళ క్రితమే పరిష్కారమైన సమస్య మీద రాయడం ఎంత నేరమో చూశారా?

చివర్లో వచ్చిన గోర్బచేవ్ నిజాలు మాట్లాడనిచ్చాడు. కాని ఆయన కూడా 1987లో రాసిన పుస్తకంలో, స్త్రీలకు వాళ్ళ అసలైన స్త్రీధర్మం తిరిగి ఇవ్వడమెలాగన్న చర్చ నడుస్తోందన్నాడు. అంటే తిరిగి తిరిగి మళ్ళీ పొయ్యి దగ్గరికే! 1991 డిసెంబరులో ఆ దేశమే లేకుండా పోయింది. పోయాక సుఖపడ్డారా అంటే అదీ లేదు. చాలా శిశువిహారాలు మూతపడ్డాయి, ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అంగళ్ళ నిండా సరుకులు వచ్చాయి, కొనడానికి డబ్బు లేదు. పాతకాలమే నయమన్న ముసలమ్మలు అబద్ధమాడలేదు.

ఈ ప్రశ్న మన గడ్డ మీదా వినిపించింది. తెలంగాణా సాయుధపోరాటంలో ఆడవాళ్ళు తుపాకులు పట్టారు, దళాల్లో తిరిగారు, కడుపున పుట్టిన బిడ్డల్ని వదులుకున్నారు. 1951లో పోరాటం ఆగాక మీరిక ఇళ్ళకెళ్ళి సంసారాలు చూసుకోండన్నారని వాళ్ళే చెప్పుకున్న మాటలు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంగా వచ్చాయి. చదివితే కడుపు తరుక్కుపోతుంది.

అందువల్ల ఆశయమే తప్పు అనేస్తే, ఇంటి చాకిరీ ఆడదాని నుదుట రాసిపెట్టి ఉందన్నవాళ్ళు చంకలు గుద్దుకుంటారు. ఆశయం తప్పు కాదు. వంటిల్లు అందరి బాధ్యత అని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం లోకానికి మేలే చేసింది. వచ్చిన చిక్కల్లా, మాట ఇచ్చినవాళ్ళే లెక్క రాసుకున్నారు, వాళ్ళే సరిచూసుకున్నారు, వాళ్ళే సున్నా చుట్టి తీరిపోయిందన్నారు. తీరిందో లేదో చెప్పవలసిన మనిషి సంచీ పట్టుకుని వరసలో నిలబడి ఉంది. ఆమెను అడిగినవాళ్ళు లేరు.